రౌండుకి ముందు కడిగిన సీసా

బస్సుల డిపోలో ఆమెని అందరూ అద్దాలక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా బస్సులు కడుగుతోంది. ఆమె కడిగిన అద్దంలో డ్రైవర్లు మీసాలు దువ్వుకుంటారు. పొగడ్తకి అంటారో, ఎగతాళికి అంటారో ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది ఒక్కటే, నెలకోసారి వచ్చే ఇన్‌స్పెక్షను. ఆ రోజు ఆఫీసరు జేబులోంచి తెల్ల రుమాలు తీసి సీటు వెనక కమ్మీ మీద ఒక్కసారి లాగుతాడు. రుమాలు నల్లబడితే కడిగినవాళ్ళ ముఖం మాడిపోవాల్సిందే. బస్సుకి బ్రేకులున్నాయో లేవో ఆ రుమాలు చెప్పదు. ఆఫీసరూ అడగడు.

అందుకని డిపోలో ఒక పద్ధతి పాతుకుపోయింది. ఆఫీసరు రాకముందే మురికి మాయం కావాలి. బండి కింద ఆయిలు కారి మరక పడితే దాని మీద రంపపుపొట్టు చల్లి, ఊడ్చి, సోడా నీళ్ళతో తోమి నేలని తెల్లగా చేసెయ్యాలి. కారేది కారుతూనే ఉంటుంది. కంటికి కనపడకూడదు, అంతే.

ఈ పద్ధతంటే ఒళ్ళు మండేది ఒకే ఒక్కడికి. ఆమె మొగుడికి. అదే డిపోలో మెకానిక్కు. ఒకసారి జాకీ జారి తోటివాడి కాలు బండి కింద ఇరుక్కుంటే, బస్సు మూలకి భుజం ఆనించి లేపాడు. అప్పట్నుంచి అతని పేరే జాకీ అయిపోయింది.

"ఏమే, ఆ మరక కడగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మరక చూస్తేనే కదా ఎక్కడ కారుతోందో తెలిసేది! నువ్వు తుడిచేస్తే నేనేం చూసి బాగుచెయ్యాలి, నీ మొహమా?" అని అరిచేవాడు.

"నీకేం, రెంచీ పట్టుకుని ఎన్నయినా అరుస్తావు. తిట్లు తినేది నేను" అని ఆమె తోమేసేది.

మొగుడూ పెళ్ళాల మధ్య ఇలాంటివి వందుంటాయి. సాయంత్రం గేటు దాటేసరికి ఇద్దరూ మర్చిపోయేవాళ్ళు. మర్చిపోవడమే కొంప ముంచింది.

జాకీకి పెద్దపేగులో గడ్డ అన్నారు. కొయ్యాలన్నారు. గడ్డ ఉన్న ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టేస్తారట. జాకీ విని నవ్వాడు. "డీజిలు పైపు పగిలితే నేను చేసేదీ అదే కదా డాక్టరుగారూ. ముక్క కోసి అతుకు వేస్తాను. మా అతుకులు కారవు సుమండీ, మీ సంగతి నాకు తెలీదు" అన్నాడు. చిన్న డాక్టరమ్మ నవ్వింది. పెద్ద డాక్టరు నవ్వలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. ఆరుగంటలు పట్టింది. జాకీని వార్డులోకి తెచ్చి పడుకోబెట్టారు. బొడ్డుకి పైనా కిందా జానెడు కుట్టు, దాని పక్కన పొట్టలోంచి బయటికొచ్చిన సన్నటి గొట్టం, గొట్టం చివర గీతలూ అంకెలూ ఉన్న ప్లాస్టిక్ సీసా. లోపల ఊరే నీరు ఆ సీసాలోకి దిగాలి. అది ఎంత దిగిందో, ఏ రంగులో దిగిందో చూసి, మంచం కాళ్ళవైపు వేలాడే చార్టులో పొద్దున్నే రాయాలి. ఆ రెండు ముక్కలూ ఆమెకి ఎవరైనా కూచోబెట్టి చెప్పి ఉంటే ఈ కథ లేదు.

ఎవరు చెబుతారు? వార్డులో నలభై రెండు మంచాలు, పొద్దుటిపూట ఒకే ఒక్క సిస్టరు. ఇంజక్షన్లు ఆమే, సెలైన్లు ఆమే, చార్టులు ఆమే, పెద్ద డాక్టరు వెనక ట్రే పట్టుకుని పరిగెత్తేదీ ఆమే. అందుకని రోగిని పక్కకి దొర్లించడం, ఒళ్ళు తుడవడం, సీసా పారబోయడం ఇంటివాళ్ళ పనైపోయింది. ఎక్కడా రాసిలేదు. అయినా వార్డులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు.

మొదటి పొద్దున పెద్ద డాక్టరు రౌండుకొచ్చాడు. వెనక ఏడెనిమిది మంది. జాకీ సీసా సగం పైగా నిండి ఎర్రగా ఉంది. ఆ ముందు పూట నీళ్ళు కూడా అందులోనే ఉండిపోయాయి. చార్టులో గడి ఖాళీ. పెద్ద డాక్టరు సీసా వంక చూసి, "ఏంటిది సిస్టర్? వార్డా, మురిక్కాలవా?" అన్నాడు. పెద్ద గొంతేం కాదు. అయినా నలభై రెండు మంచాలకీ వినపడింది.

రౌండు వెళ్ళిపోయాక సిస్టరు గిర్రున వెనక్కొచ్చింది. యాభై దాటిన మనిషి. కాళ్ళ వాపుకి చెప్పుల పట్టీలు దిగబడిపోయి ఉన్నాయి.

"నీ మొగుడి సీసా నువ్వు చూసుకోవద్దటమ్మా? రౌండు టైముకి శుభ్రంగా ఉండాలని తెలీదూ? నాకు తిట్లు తినే ఓపిక లేదు తల్లీ."

"తప్పయిపోయిందండీ సిస్టరుగారూ. రేపట్నుంచి చూసుకోండి, అద్దంలా ఉంచుతాను."

ఆ మాట అన్నందుకు అద్దాలక్కకి లోలోపల ధైర్యం కూడా వచ్చింది. అప్పటిదాకా ఈ ఆసుపత్రిలో ఆమెకి ఏదీ అర్థం కాలేదు. ఇదొక్కటి అర్థమైంది. రౌండంటే ఇన్‌స్పెక్షను. పెద్ద డాక్టరంటే ఆఫీసరు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే.

మర్నాడు తెల్లారుతుండగానే లేచింది. సీసా విప్పి బాత్రూములో పారబోసింది. కుళాయి కింద పెట్టి కడిగింది. చీరకొంగుతో బయటంతా తుడిచి మళ్ళీ గొట్టానికి తగిలించింది. ఆరింటికి సిస్టరు చార్టులు రాసుకుంటూ వచ్చి, సీసా అడుగున తడి చూసి, "ఎంతుంది, ఇరవై ఉంటుందా?" అంది నడుస్తూనే.

"ఆఁ, అంతేనండీ."

ఇరవై రాసింది. ఆ మర్నాడు పది. ఆ పైన సున్నా. పెద్ద డాక్టరు చార్టు చూసి తలాడించాడు. సీసా వంక చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే మెప్పు అని డిపోలో పుట్టి పెరిగినట్టున్న ఆమెకి బాగా తెలుసు.

పక్కమంచం టైలరుది. అతనికీ పేగే, జాకీ తర్వాత మూడురోజులకి కోశారు. నొప్పితో మూలుగుతూ కూడా నోరు ఊరుకోని మనిషి. జాకీ కుట్టు చూసి, "ఇదేం కుట్టు జాకీ అన్నా, కచ్చాకుట్టు వేసి వదిలేశారు! నా దగ్గరికొచ్చుంటే లోపల పట్టీ వేసి, కాజా కూడా తీసి ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

జాకీ పొట్ట పట్టుకున్నాడు. "నవ్వించకురా బాబూ, నీకు పుణ్యముంటుంది. కుట్లు పటపటమంటున్నాయి."

"చెప్పానా, కచ్చాకుట్టని!"

టైలరు భార్య చిన్నపిల్ల. వార్డుకొచ్చిన మొదటి పూట గొట్టాన్నీ సీసానీ చూసి బిక్కచచ్చిపోయింది. అద్దాలక్కే ఆమెని బాత్రూముకి తీసుకెళ్ళి చూపించింది. "ఇదిగో చెల్లీ, ఇలా తిప్పి విప్పు. పారబోసి కడిగెయ్. ఆరింటికల్లా అయిపోవాలి. సిస్టరుగారిచేత మాట పడకూడదు మనం."

"నువ్వుండబట్టి సరిపోయింది అక్కా. లేకపోతే నాకెవరు చెబుతారు?" అంది ఆ పిల్ల.

నాలుగోరోజు పొద్దున సీసా విప్పితే గుప్పుమని కంపు కొట్టింది. నీరు ఎర్రగా లేదు. పాత గేరు ఆయిల్లా మడ్డిగా, గోధుమ, ఆకుపచ్చ కలిసినట్టుంది. బోలెడుంది కూడా. అద్దాలక్క ముక్కు మూసుకుంది. బస్సు కడిగేటప్పుడు మొదట నల్లనీళ్ళు పోతాయి, తర్వాతే తెల్లనీళ్ళు వస్తాయి. లోపలున్న మురికంతా పోతోంది, మంచిదేలే అనుకుంది. ఆ రోజు మరీ గట్టిగా కడిగింది.

ఐదోరోజు గొట్టం పీకేశారు. ఏడోరోజు ఇంటికి పంపేశారు. "గొట్టం తీసేనాటికే సీసా రెండ్రోజులుగా పొడిగా ఉంది. బాగా కోలుకుంటున్నాడు" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాటకి అద్దాలక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నానికి జాకీ వణుకుతున్నాడు. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకమంటున్నాయి. ఎక్కిళ్ళు ఆగడం లేదు. పొట్ట బిగిసిపోయి రాయిలా ఉంది, చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ఆమె ఆడబిడ్డకి కబురు పెట్టింది. జాకీకి ఒక్కగానొక్క చెల్లెలు, రెండు వీధులవతల ఉంటుంది. అన్నయ్యంటే ప్రాణం, వదినంటే పంతం. ఇద్దరూ కలిసి అతన్ని ఆటోలో వేసుకుని మళ్ళీ అదే వార్డుకొచ్చారు. జాకీ పాత మంచం అప్పుడే ఖాళీ అయింది. మళ్ళీ టైలరు పక్కనే.

టైలరు ఇతన్ని చూసి, "ఏమన్నా, మా మీద బెంగ పెట్టుకున్నావా?" అనబోయి, సగంలో ఆపేశాడు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చాడు. పొట్ట మీద రెండు వేళ్ళు వేసి చూశాడు. పాత చార్టు తెప్పించుకుని తిరగేశాడు.

"గొట్టం తీసేనాటికి సున్నా. మూడ్రోజులు తగ్గుతూ వచ్చి సున్నా అయింది. అతుకు ఊడి ఉంటే అందులో కనపడేది. పేగులు బద్ధకిస్తున్నాయి, అంతే. నోటికేమీ ఇవ్వకండి. సెలైను, మందులు. స్కాను ఎల్లుండికి రాయండి."

చిన్న డాక్టరమ్మ నసిగింది. "సార్, నాడి నూట ముప్పై ఉంది. పొట్ట కూడా..."

"కాగితం ఏం చెబుతోందమ్మా?"

"పొడిగానే ఉందని సార్."

"మరి? నిన్న కోసిన పొట్ట ఇవాళ ఊరికే మళ్ళీ కోస్తామా? ఎల్లుండి చూద్దాం" అని పక్కమంచానికి కదిలాడు.

అద్దాలక్క మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. సున్నా. ఆ సున్నా ఎవరిదో ఆమెకి తెలుసు. అది జాకీ పొట్టలోంచి వచ్చింది కాదు. తన చేత్తో, కుళాయి కింద కడిగి తెచ్చిన సున్నా.

మరక కడిగేస్తే నేనేం చూసి బాగుచెయ్యాలి, నీ మొహమా?

చెప్పాలి. చెబితే ఏమవుతుంది? పక్కనే ఆడబిడ్డ స్టూలు మీద కూచుని ఉంది. ఇక జన్మలో వదిలిపెట్టదు. సిస్టరు ఊరుకోదు. మందులు ఆపేస్తారేమో, వార్డులోంచి గెంటేస్తారేమో. పోలీసుల్ని పిలుస్తారేమో కూడా. ఎల్లుండి స్కాను చేస్తామన్నారుగా, అందులో ఎలాగూ కనపడుతుంది. తను చెప్పకపోయినా వాళ్ళే కనిపెడతారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కదా.

జాకీకి ఎక్కిలి వచ్చింది. ఒళ్ళంతా అదిరింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు గ్రీజు పట్టి నల్లబడ్డ గోళ్ళే, కానీ ఆ నలుపు ఆమెకి తెలుసు. ఇది అది కాదు.

ఎల్లుండిదాకా ఉంటాడా ఈ మనిషి?

ఆమె కమ్మీ వదిలి పరుగులాంటి నడకతో వెళ్ళి, వార్డు గుమ్మం దగ్గర చిన్న డాక్టరమ్మ కోటు పట్టుకుంది. కోటు పట్టుకోకూడదని కూడా తోచలేదు.

"అమ్మా, ఆ సున్నా అబద్ధమమ్మా."

"ఏ సున్నా?"

"సీసాది. నేనే పారబోసేదాన్ని. రోజూ తెల్లారకముందే. రౌండు టైముకి శుభ్రంగా ఉండాలన్నారని కడిగి పెట్టేదాన్ని. సిస్టరుగారు రాసింది నేను కడిగాక మిగిలిన తడి."

చిన్న డాక్టరమ్మ గిరుక్కున ఆమె వైపు తిరిగింది. "కడిగావా? దేంతో?"

"కుళాయి నీళ్ళతో."

"ఎంతుండేది? చూశావా?"

అద్దాలక్క ఆమెని లాక్కుని వచ్చి టైలరు మంచం పక్కన వంగింది. అతని సీసా మీద వేలు పెట్టింది. "మొదట్లో ఈ గీత దాకా, ఎర్రగా. నాలుగోరోజు ఇదిగో, ఇక్కడి దాకా. రంగు పాత గేరు ఆయిల్లా ఉంది. కంపు. ఐదోరోజు కూడా అంతే."

"నూట యాభై మిల్లీలీటర్లు" అంది చిన్న డాక్టరమ్మ. తనలో తను. "ఆరు రోజులుగా లోపల..." అని ఆగిపోయింది. చేతిలో కాగితాలు అక్కడే మంచం మీద పడేసి పరిగెత్తింది.

టైలరు భార్య గోడకి ఆనుకుపోయింది. "అక్కా, పొద్దున నేనూ పారబోశాను. నువ్వే కదా చెప్పావు."

"ఏ రంగు?" అద్దాలక్క ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఏ రంగు చెప్పు!"

"నీళ్ళలాగే ఉంది... కాస్త పసుపు..."

"ఇక ముట్టుకోకు. పొర్లి కింద పడినా ముట్టుకోకు. వాళ్ళ కళ్ళతో వాళ్ళని చూడనీ."

వెనక నుంచి ఆడబిడ్డ లేచి వస్తోంది. మొత్తం వింది. వార్డంతా వింది.

"అంటే నువ్వే కదా వదినా? ఇరవై ఏళ్ళు మా అన్నయ్య సంపాదన తిని, చివరికి ఇదా? నీ శుభ్రం తగలెయ్య! బస్సనుకున్నావా, మనిషనుకున్నావా?"

అద్దాలక్క జాకీ మంచం దగ్గరికి వెళ్ళి, జారిపోయిన దుప్పటి పైకి లాగింది.

మూడింటికి జాకీని ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. ఏడింటికి చిన్న డాక్టరమ్మ బయటికొచ్చింది. టోపీ తీస్తే జుట్టంతా చెమటతో అంటుకుపోయి ఉంది.

"అతుకు ఊడిపోయింది. లోపల లీటరున్నర చీము. కడిగాం. మళ్ళీ అతికే స్థితిలో లేదు, పేగు కొసని పొట్టమీదికి తెచ్చి వదిలాం. అక్కడ సంచి తగిలిస్తారు. ఇక విరేచనం అందులోకే."

"బతుకుతాడామ్మా?"

"ఈ వారం గడవనీ."

"ఎల్లుండిదాకా ఆగుంటే?"

"అది అడక్కు" అంది. కొంచెంసేపాగి, "చెప్పినందుకు... సరే, వెళ్ళి ఏమైనా తిను" అంది. ఆ ఖాళీలో ఏ మాట పెట్టాలో ఆవిడకీ తెలియలేదు.

జాకీ పదకొండు రోజులు గాజు తలుపుల గదిలో ఉన్నాడు. మొదటి ఆరు రోజులు అతని బదులు మిషనే ఊపిరి తీసింది. బయట బల్ల మీద ఒక చివర అద్దాలక్క, ఇంకో చివర ఆడబిడ్డ. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. డిపోవాళ్ళు వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళేవాళ్ళు. వచ్చినవాళ్ళందరికీ ఆడబిడ్డ జరిగింది చెప్పేది. అద్దాలక్క నేల వంక చూస్తూ వినేది. విన్న ప్రతిసారీ అది నిజమే.

గాజు గదిలోంచి బయటికి తెచ్చిన రోజే చెల్లెలు అన్నయ్య చెవిలో మొత్తం వేసేసింది. అద్దాలక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. జాకీ విన్నాడు. ముఖంలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. కళ్ళు తిప్పి పెళ్ళాం వంక చూశాడు. ఒక్కసారే. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. అరిచి, చేతిలో గ్లాసు విసిరినా బాగుండేది. జాకీ అరుపులు ఆమెకి అలవాటే. అతను అరవలేదు. ఆ రోజునుంచీ ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. "నీళ్ళు", "దుప్పటి", "సంచి నిండింది". అంతే. సంచి మారుస్తుంటే కళ్ళు మూసుకునేవాడు.

టైలరు బతికి బయటపడ్డాడు. అతని సీసాలో నీరు పసుపుగానే ఉంది, నిజంగానే తగ్గింది. భార్య రెండు పూటలూ సీసా దగ్గర కాపలా కూచుని, సిస్టరు వంగి అంకె చదివేదాకా దాన్ని ముట్టుకునేది కాదు. వెళ్ళేటప్పుడు టైలరు జాకీ దగ్గరికొచ్చి, "నీ ప్యాంట్లన్నీ పట్రా అన్నా. నడుము దగ్గర ఏడంగుళాలు పట్టాలి, నా కన్ను కొలత తప్పదు. కూలి అడగను" అన్నాడు. జాకీ నవ్వలేదు. టైలరు భార్య అద్దాలక్క చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల మొగుడు బతకడం అద్దాలక్క మంచితనమేం కాదు. అదృష్టం, అంతే. అది ఇద్దరికీ తెలుసు.

ఇరవై ఆరోరోజున సిస్టరు ఒక కాగితం పట్టుకొచ్చింది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఆఫీసుకి పంపాలి."

అద్దాలక్క ఐదో తరగతి దాకా చదువుకుంది. వేలు కింద పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. రోగి భార్య ఎవరికీ చెప్పకుండా సీసా ఖాళీ చేసినందువల్ల ఈ పరిస్థితి తలెత్తింది, అని ఉంది. అంతే ఉంది.

"ఇది నిజమేనండీ" అంది. "కానీ సగం."

"ఏంటి సగం?"

"సీసా చూసి రాయాల్సినవాళ్ళు చూళ్ళేదని లేదిందులో. నన్నడిగి రాశారని లేదు. నలభై రెండు మంచాలకి మీరొక్కరేనని లేదు. శుభ్రంగా ఉంచమన్నారని లేదు."

సిస్టరు ముఖం ఎర్రబడింది. "నా మీద తోస్తావా? నీకు మంచీ మర్యాదా ఉందా? నేను పారబొయ్యమన్నానా? నేను రాసుకున్నాక పారబొయ్యాలని ఎవరికైనా తెలుస్తుంది!"

"నాకు తెలీలేదండీ. నాకు తెలిసిందొక్కటే, ఆఫీసరొచ్చే టైముకి మరక ఉండకూడదని. మీకూ అదే తెలుసు."

సిస్టరు పక్కనున్న స్టూలు మీద కూలబడింది. వాచిన కాలు ఒకటి చెప్పులోంచి బయటికి తీసింది. చాలాసేపు ఆ కాలి వంకే చూసుకుంది.

"ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను తల్లీ. ఏడాదిలో దిగిపోతాను. ఆ కాగితం నా మీదికి రాకపోతే ఎవరో ఒకరి మీదికి పోవాలి. నేనేం చెయ్యను?"

"పెన్నిలా ఇవ్వండి."

అద్దాలక్క కాగితాన్ని గోడకి ఆనించి, అచ్చు గీతల కింద వంకర అక్షరాలతో రాసింది. రాయడానికి పావుగంట పట్టింది. సీసా చూసి రాయాల్సినవాళ్ళు చూళ్ళేదు. నన్నడిగి రాశారు. నేను కడిగాను. రెండూ నిజం. ఒక్కటే రాస్తే అబద్ధం. దాని కింద సంతకం పెట్టింది.

ఆ కాగితం ఎక్కడికి పోయిందో, ఎవరు చదివారో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. వార్డులో ఇంకో సిస్టరునైతే వెయ్యలేదు.

ముప్ఫై ఒకటోరోజు జాకీని ఇంటికి పంపారు. చేతిలో పెట్టిన కాగితంలో ఫలితం అన్న చోట "కోలుకున్నాడు" అని రాసుంది. లెక్కకి బతికున్నవాళ్ళంతా కోలుకున్నవాళ్ళే. ఇరవై రెండు కిలోలు తగ్గినవాడు, పొట్టమీద సంచితో గోడ పట్టుకుని నడిచేవాడు, అర బకెట్ నీళ్ళకి మించి ఎత్తకూడదని రాయించుకున్నవాడు, అందరూ. రాత్రిళ్ళు నిద్రలో సంచి ఊడిపోతే లేచి పక్క దులుపుకుని, ఒక్క మాటా అనకుండా కుర్చీలో కూచుని తెల్లవారేదాకా గోడ చూసేవాడికి ఆ కాగితంలో గడి లేదు.

మూడు నెలలకి డిపోవాళ్ళు అతనికి సామాన్ల గదిలో పనిచ్చారు. కిటికీలోంచి అడిగినవాళ్ళకి రెంచీలు అందించాలి. పెద్ద రెంచీలైతే వాళ్ళే లోపలికొచ్చి తీసుకుంటారు. కొత్తగా చేరిన మెకానిక్కుని కుర్రాళ్ళలో ఒకడు ఒకరోజు నోరు జారి "ఒరే జాకీ" అని పిలిచాడు. పిలిచినవాడు నాలిక్కరుచుకున్నాడు. జాకీ విననట్టు చిన్న రెంచీలన్నీ సైజువారీగా సర్దుకున్నాడు.

అద్దాలక్క బస్సులు కడుగుతూనే ఉంది. పొద్దున ఇద్దరూ కలిసే వస్తారు, సాయంత్రం కలిసే వెళ్తారు. అడుగు దూరంలో నడుస్తారు. ఆమె అతని సంచి మారుస్తుంది. అతను కళ్ళు మూసుకుంటాడు.

ఆ నెల ఇన్‌స్పెక్షను రోజు సూపర్‌వైజరు నిప్పులు తొక్కినట్టు ఉరికొచ్చాడు.

"అద్దాలక్కా! పన్నెండో నంబరు బండి కింద మరక చూశావా? ఆఫీసరు గేటు దగ్గరున్నాడు. కానియ్, కానియ్!"

ఆమె బకెట్టూ బ్రష్షూ పట్టుకుని వెళ్ళింది. అరచెయ్యంత మరక. నల్లగా, మధ్యలో ఇంకా తడిగా ఉంది. మోకాళ్ళ మీద కూచుంది. బ్రష్షు సోడా నీళ్ళలో ముంచింది. చెయ్యి మరక దాకా వెళ్ళి ఆగిపోయింది. నీళ్ళు బ్రష్షులోంచి కారి నేలమీద పడుతున్నాయి.

"ఏంటి చూస్తున్నావు? కడుగు!"

సామాన్ల గది తలుపు చప్పుడైంది. జాకీ వస్తున్నాడు. ఒక చెయ్యి పొట్టమీద, ఒక చెయ్యి బస్సుల పక్కలు పట్టుకుంటూ. టైలరు నడుము పట్టిన ప్యాంటు కూడా వదులైపోయి బెల్టు కింద కుచ్చిళ్ళు పడింది. వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మరక వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

"కడక్కు" అన్నాడు.

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "జాకీ అన్నా, నీకు దణ్ణం పెడతా, ఇవాళొద్దు..."

"ఉండనీ."

ఆమె బ్రష్షు బకెట్లో పడేసింది. జాకీ కిందికి వంగబోయాడు. సగం వంగాక పొట్ట పట్టేసింది. మడ్‌గార్డు పట్టుకుని ఊపిరి బిగబట్టి, మెల్లగా మళ్ళీ లేచాడు. నుదుటి మీద చెమట పట్టింది. అతను ఏ పనికోసం వంగాడో ఆ పని ఇక అతనివల్ల కాదని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

"నావల్ల కాదు" అన్నాడు. "నువ్వు చూడు. ఎక్కడ కారుతోందో చూసి చెప్పు."

అద్దాలక్క చీరకొంగు నడుముకి బిగించింది. ఆ తడినేల మీద వెల్లకిలా పడుకుని, మోచేతులతో నెట్టుకుంటూ బస్సు కిందికి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళు పైనుంచి కడిగిన బండి. కిందనుంచి ఎప్పుడూ చూడలేదు. అంతా చీకటి, గొట్టాలు, మడ్డి. ఎక్కడని చూడాలి? ఆమె కదలకుండా పడుకుని ఎదురుచూసింది.

పక్కన ఆఫీసరు బూట్లు వచ్చి ఆగాయి. పైన సూపర్‌వైజరు ఏదో సర్దిచెబుతున్నాడు.

చుక్క వచ్చి ఆమె చెంప మీద పడింది. వెచ్చగా ఉంది. అది ఎక్కణ్ణుంచి ఊడిందో ఆమె చూసింది.

"ఇక్కడ" అంది.